చేతిలో ఒకటి

మా మనవరాలు రెండో తరగతి. శ్రావణమాసంలో ముసురు పట్టిన ఓ ఆదివారం వీధి అరుగు మీద బాసింపట్టు వేసుకుని హోంవర్కు చేసుకుంటోంది. ఎదురుగా కాలవ ఎర్రనీళ్ళతో నిండుగా పారుతోంది. పక్కనే కూర్చుని నేను కొబ్బరాకు చీల్చి చీపురుకి ఈనెలు తీస్తున్నాను. "అయిపోయింది అమ్మమ్మా" అని పుస్తకం నా ఒళ్ళోకి తోసింది. చూశాను. పైన 52, కింద 27, గీత కింద 35. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. లెక్క తప్పింది.

తప్పని చెప్పలేదు. "ఎలా చేశావే?" అని మాత్రం అడిగాను.

"ఏడులోంచి రెండు పోతే ఐదు. ఐదులోంచి రెండు పోతే మూడు. ముప్పై ఐదు."

"పైనున్నది రెండు కదా తల్లీ. రెండులోంచి ఏడు తియ్యాలి కదా?"

"రెండులోంచి ఏడు పోదుగా! అందుకే ఏడులోంచి రెండు తీశాను."

పిల్లలు లెక్క తప్పు చేస్తే తెలివి తక్కువనో, శ్రద్ధ లేదనో అనుకుంటాం. నిజానికి ఆ తప్పు వెనక ఒక నియమం ఉంది. పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి అని మొదటి తరగతిలో నేర్చుకున్న నియమాన్ని ఈ పిల్ల తు.చ. తప్పకుండా పాటించింది. "మరి బళ్ళో ఎలా చెప్పారు?" అన్నాను.

"పక్కింటికెళ్ళి ఒకటి అప్పు తెచ్చుకోమన్నారు. అప్పు తెచ్చుకుంటే మళ్ళీ ఎప్పుడివ్వాలి అమ్మమ్మా? ఒకటి తెస్తే ఇక్కడికొచ్చాక పది ఎలా అయిపోయింది?"

నా చేతిలో ఈనె అలాగే ఉండిపోయింది. చిన్న తరగతులకి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని. నేనూ ఆ మాటే చెప్పాను. ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పానో! అప్పు ఎప్పుడు తీర్చాలని వాళ్ళలో ఒక్కరూ నన్ను అడగలేదు. అడగాలనిపించినా అడగకుండానే పక్కింటి అంకె కొట్టేసి, ఒకటి తగ్గించి, ఇటు పక్క ఒకటి చేర్చి, జవాబు రాబట్టి నా మెప్పు పొందారు. కొంతమందికి ఆ తంతు ఎప్పటికీ పట్టుబడలేదు. వాళ్ళకి లెక్కలు రావని నేనే అనేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

పుస్తకం పక్కన పెట్టించాను. తీసిన ఈనెలు ఇద్దరం కలిసి పదేసి చొప్పున లెక్కపెట్టి, అరటినారతో కట్టలు కట్టాం. ఐదు కట్టలు, రెండు విడి ఈనెలు. "ఇవెన్ని?" అంటే ఠక్కున "యాభై రెండు" అంది. "అయితే నాకు ఇరవై ఏడు ఇయ్యి" అన్నాను. రెండు కట్టలు తీసి నా ముందు పెట్టింది. ఇంకా ఏడు ఇవ్వాలి. విడిగా ఉన్నవి రెండే. వాటికేసి చూసింది, కట్టలకేసి చూసింది. చినుకుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నోటిదాకా వచ్చిన మాటని నేను బలవంతంగా ఆపుకున్నాను. కాసేపటికి ఒక కట్ట చేతిలోకి తీసుకుని, "ఇది విప్పెయ్యొచ్చా?" అంది.

విప్పింది. పన్నెండయ్యాయి. ఏడు నాకిచ్చింది. తన దగ్గర రెండు కట్టలు, ఐదు ఈనెలు మిగిలాయి. "ఇరవై ఐదు!" అని, ఒక్క క్షణం ఆగి, "అప్పు కాదమ్మమ్మా, మన కట్ట మనమే విప్పుకున్నాం" అంది.

ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు నేర్చే లెక్కలన్నిటికీ ప్రాణం ఆ మాటలోనే ఉంది. పది విడి వస్తువులు పోగైతే కట్ట కట్టడం, అవసరమైతే కట్ట విప్పడం. పది కట్టలు చేరితే ఒక మోపు, అది వంద. కూడికలో కట్ట కడతాం, తీసివేతలో విప్పుతాం. గుణకారం సమానమైన గుంపుల్ని పోగుచెయ్యడం, భాగహారం ఆ పోగుని సమానంగా పంచడం. కట్టినా విప్పినా ఉన్నవి అన్నే. ఆ నమ్మకం చేతికి అందిన పిల్లకి లెక్కలంటే భయం ఉండదు.

తమాషా ఏమిటంటే, ఈ కట్టలన్నీ మన భాష ఎప్పుడో కట్టిపెట్టింది. ఇరవై అంటే ఇరు పదులు, అంటే రెండు కట్టలు. ముప్పై మూడు పదులు, నలభై నాలుగు పదులు. యాభైలో ఉన్నది ‘ఏను’, అది ఐదుకి పాతపేరు. డెబ్బైలో మొదటి అక్షరం చెదిరిపోయింది కానీ, దాన్లో ఉన్నది ఏడు పదులే. పధ్నాలుగు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, తరవాత నాలుగు. రాసేదీ ఆ వరసలోనే. ఇంగ్లిషులో ‘ఫోర్టీన్’ అంటే నాలుగు ముందు వినిపిస్తుంది. విన్న వరసలో రాసిన పిల్ల 41 వేస్తుంది. ఇక ‘ఫోర్టీన్’కీ ‘ఫార్టీ’కీ తేడా ఆ చెవులకి అందడం మరీ కష్టం. హిందీలో ఇరవై తొమ్మిదిని ముప్పైకి ఒకటి తక్కువగా చెబుతారు, వంద లోపల చాలా అంకెల పేర్లు విడివిడిగా కంఠస్థం చెయ్యాలి. మన పిల్లకి ఇరవై దాటితే కొత్తగా బట్టీ పట్టాల్సింది లేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు, రెండు కట్టలూ ఒకటి, రెండు కట్టలూ రెండు. ఏ మాధ్యమంలో చదివించినా సరే, ఒంట్లు మాత్రం ముందు తెలుగులో నేర్పమని అడుగుతాను. అమ్మ భాషలో అంత చక్కగా అమరిన స్థానవిలువని పక్కన పెట్టేస్తే నష్టపోయేది పిల్లలే.

మా చిన్నప్పుడు సాయంత్రం బడి వదిలేముందు అందరం నిలబడి ఎక్కాలు చదివేవాళ్ళం. ఒకడు ముందు చెబితే మిగతావాళ్ళం అందుకునేవాళ్ళం. రెండొకట్ల రెండు, రెండ్రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు... చేలగట్ల మీదుగా ఇంటికొస్తున్నా నోట్లో అదే ఆడుతుండేది. ఎక్కాలు బట్టీ పట్టించడం పాతకాలపు పద్ధతని ఈమధ్య కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. ఏడెనిమిదులు యాభై ఆరు అని నాలుక తనంతట తాను పలికితే, మనసు తర్వాతి మెట్టు గురించి ఆలోచించడానికి ఖాళీగా ఉంటుంది. అయితే నాలుక ఎక్కినదాన్ని ఒక్కసారైనా కళ్ళతో చూడాలి. మా పెరట్లో ఏడు వరసల కొబ్బరిచెట్లు, వరసకి ఎనిమిది. తూర్పు గట్టు మీద నిలబడి చూస్తే ఏడు ఎనిమిదులు. ఉత్తరపు గట్టుకెళ్ళి చూస్తే ఎనిమిది ఏడులు. చెట్లు మాత్రం అవే. ఇది ఒక్కసారి చూసిన పిల్లకి ఎక్కాల బరువు దాదాపు సగం దిగిపోతుంది.

మన నోటిమాటల్లోనూ లెక్క దాగి ఉంది. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ‘ఒకటి’ అనేవారు కాదు, ‘లాభం’ అనేవారు. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందని కొందరు ‘ఆరున్నొకటి’ అనేవాళ్ళు. పిల్లాడు ఏడుపు మొదలెడితే ఆరున్నొక్కరాగం అందుకున్నాడని ఈనాటికీ అంటాం. ఆ మాటలో ఒక కూడిక ఉంది. ఆరూ ఒకటీ ఏడు. మనవరాలికి ఆ సంగతి చెబితే పడీపడీ నవ్వింది. ఏడుని ఇంకెన్ని రకాలుగా చెప్పొచ్చో మర్నాడంతా వెతుక్కుంది. ఐదున్నూరెండు, నాలుగున్నూమూడు. బళ్ళో ‘సంఖ్యల్ని విడగొట్టడం’ అని చెప్పే పాఠం ఇదే.

అటక మీద మా అమ్మ వాడిన కొలపాత్రలున్నాయి. ఆ వానల్లోనే దింపించి చింతపండుతో తోమాను. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. వరసలో ప్రతిదీ ముందుదానికి సరిగ్గా రెట్టింపు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. అంటే కుంచానికి 64 గిద్దలు. పాత రూపాయికీ 16 అణాలు, 64 పైసలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చి రూపాయికి వంద అయ్యేవరకూ మన ఇళ్ళల్లో పిల్లలు సగం చెయ్యడం, సగంలో సగం చెయ్యడం బడికి వెళ్ళకముందే నేర్చుకునేవారు. సగం అర, అందులో సగం పావు, పదహారో వంతు వీసం. ‘నీకు వీసమెత్తు జాలి లేదు’ అన్నప్పుడు ఆ భిన్నమే పలుకుతున్నాం. నిండుగా ఉన్నదాన్ని పదహారణాల అంటున్నాం. ఈ భిన్నాలు రాయడానికి మన లిపికి సొంత గుర్తులు కూడా ఉండేవి. 2008లో వాటిని కంప్యూటర్ల యూనికోడ్ పట్టికలోనూ చేర్చారు.

మా అమ్మ ఒక్కరోజూ బడికి వెళ్ళలేదు. కందుకూరి వీరేశలింగంగారు 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు, అయినా ఆ వెలుగు మా అమ్మ ఊరిదాకా రావడానికి చాలా కాలం పట్టింది. పదిమందికి వంటంటే తవ్వల్లో, పెళ్ళికంటే కుంచాల్లో ఆవిడ లెక్క తప్పేది కాదు. ఆవిడ లెక్కంతా ఆ ఏడు పాత్రల్లో ఉండేది.

కొలపాత్రలు కిందికి దింపినరోజే టీవీలో గోదావరి వార్త. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పదకొండు పాయింట్ ఏడు ఐదు అడుగులకి చేరింది, మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. "పాయింట్ ఏడు ఐదు అంటే ఏంటమ్మమ్మా?" అంది మనవరాలు. దశాంశాలు దానికింకా చాలా దూరం. సోల ముందు పెట్టి గిద్దతో నీళ్ళు పోయించాను. నాలుగు గిద్దలకి సోల నిండింది. "ఇప్పుడు మూడే పొయ్యి." పోసింది. "ఇది ముప్పావు. మూడు పావులు. పదకొండు అడుగులు నిండి, పన్నెండో అడుగు ముప్పావు దాకా వచ్చిందన్నమాట."

మా డెల్టాలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ మూడు అంకెలు తెలుసు. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. పదకొండు ముప్పావు, పదమూడు ముప్పావు, పదిహేడు ముప్పావు. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఎంత అని అడిగాను. కాసేపు వేళ్ళు లెక్కపెట్టి, "ముప్పావు రెండిట్లోనూ ఉందిగా, దాన్ని వదిలేస్తే రెండు" అంది. రెండోదానికీ మూడోదానికీ నాలుగు. ఏ పుస్తకంలోనూ లేని ఆ తీసివేత తన ఊరి నీటిలోంచి చేసింది. సమానంగా ఉన్నవి రెండు పక్కలా వదిలెయ్యొచ్చన్న తెలివి ముందుముందు బీజగణితంలో దానికి ఎంతో పనికొస్తుంది.

వరద తీశాక కొబ్బరి దింపు తీయించాం. కాయలు లెక్కపెట్టే ఆయన చేతికి రెండు చొప్పున, రెండు చేతులా నాలుగు కాయలు ఎత్తి పక్కకి వేస్తాడు. అది ఒక పుంజీ. పాతిక పుంజీలైతే నూరు. ఆయన చెయ్యి ఆగదు, లెక్క తప్పదు. పక్క వీధివాళ్ళు కాయ పధ్నాలుగు లెక్కన ముప్పై ఆరు కావాలన్నారు. "పదికాయలు నూటనలభయ్యండి, ముప్పై నాలుగొందలిరవై, ఆరుకాయలు ఎనభై నాలుగు. ఐదొందల నాలుగండి, ఆయ్" అన్నాడు. నేను కాగితం అందుకునేలోపే చెప్పేశాడు. రెండేళ్ళే బడికెళ్ళాడట. బళ్ళో లెక్కలు తనకి ఎప్పుడూ రాలేదని ఎంతో మామూలుగా చెప్పాడు.

బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో నూనెస్, కరాహర్, ష్లీమన్ అనే పరిశోధకులు వీధుల్లో సరుకులమ్మే పిల్లల లెక్కల్ని గమనించి 1985లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళలో పన్నెండేళ్ళ కుర్రాడొకడు అమ్మేది కొబ్బరికాయలే. కాయ ముప్పై ఐదు, పది కావాలన్నారు. వాడు మూడుకాయల ధర తీసుకున్నాడు, ఇంకో మూడు కలిపాడు, మరో మూడు కలిపాడు, చివర ఒకటి చేర్చి మూడొందల యాభై అన్నాడు. పదితో గుణిస్తే పక్కన సున్నా పెట్టాలన్న బడి సూత్రం వాడికి గుర్తుకే రాలేదు, అక్కర్లేదు కూడా. అక్కడి పిల్లలకి అలాంటి లెక్కలే కాగితం మీదిస్తే చాలా తప్పులు చేశారు. 2025లో ‘నేచర్’ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల గురించి అదే రాశారు. బజారు లెక్క వచ్చిన పిల్లలు బడిలెక్క దగ్గర తడబడ్డారు. బడిలెక్క వచ్చిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు.

ఇది చదివినప్పుడు మా కొబ్బరికాయలాయనా, నేను లెక్కలు రావన్న పిల్లలూ ఒకేసారి కళ్ళముందుకొచ్చారు. వాళ్ళ చేతుల్లో లెక్కుంది, మా నల్లబల్ల మీద లెక్కుంది. రెండిటి మధ్యా కాలవంత వెడల్పు కూడా లేదు. అయినా ఒక చప్టా వెయ్యలేకపోయాం. ప్రథమ్ సంస్థ 2024 అసర్ నివేదిక ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో 33.7 శాతం మందికే తీసివేత వస్తోంది. ఆ పరీక్షలో అడిగేది 52లోంచి 27 లాంటి లెక్కే. మూడో తరగతి దాటేసరికి ప్రతి పిల్లకీ చదవడం, లెక్కచెయ్యడం రావాలని 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026–27ని గడువుగా పెట్టుకుంది. గడువు మంచిదే. ఆ లోపల ప్రతి చిన్న తరగతి గదిలోనూ ఈనెల కట్టలు, చింతపిక్కలు, గవ్వలు, గిద్దలు, సోలలు ఉండాలని నా కోరిక. మన డెల్టాలో వీటికి పైసా ఖర్చు లేదు. వామనగుంటలాడే పిల్ల చెయ్యి పిక్కలు పంచుతూ భాగహారం నేర్చుకుంటుంది. అష్టాచెమ్మలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. ఆ ఆటలో పావు నడిపిన పిల్లకి కూడిక అంటే ముందుకి నడవడమని వేరే చెప్పక్కర్లేదు.

ఈ సంపద మన నేలకి కొత్త కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు నన్నయగారి చేత భారతాన్ని తెలుగు చేయించిన ఆ ఒరవడిలోనే, పావులూరి మల్లన లెక్కల పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ వంశంవారికి రాజరాజనరేంద్రుడు పిఠాపురం దగ్గర నవఖండవాడ అగ్రహారంగా ఇచ్చాడు. మల్లనకి మూలం తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహం. మహావీరుడు కొన్ని గుణకారాల్ని మెళ్ళో వేసుకునే హారాలతో పోల్చాడు. 139ని 109తో గుణిస్తే 15151. ఎటు నుంచి చదివినా ఒకటే. దాన్ని చూసి మురిసిపోయిన మనసునీ, తెలుగువాళ్ళూ మురవాలని పద్యాలు కట్టిన మనసునీ తలుచుకుంటే గుండె నిండుతుంది. లెక్కల్లో అందం ఉందని వెయ్యేళ్ళ కిందటే మా గోదావరి ఒడ్డున తెలుసు.

దసరా సెలవుల్లో మనవరాల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళాను. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట గురించి, దాని స్థానంలో 1982కి తయారైన ఇప్పటి బ్యారేజీ గురించి చెప్పాను. బ్యారేజీకి నాలుగు భాగాలు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39. "అన్నీ కలిపి ఎన్నో నువ్వే చెప్పు" అన్నాను. పలక లేదు, పుస్తకం లేదు, ఈనెలూ లేవు. రెయిలింగ్ పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ గొణుక్కుంది. "మూడూ మూడూ ఆరు, ఆరూ తొమ్మిదీ పదిహేను. ఐదు వేసి..." అని ఆగింది. కుడిచెయ్యి రెయిలింగ్ మీంచి తీసి, గట్టిగా పిడికిలి బిగించింది.

"చేతిలో ఏముందే?" అన్నాను.

"కట్ట అమ్మమ్మా. చేతిలో ఒకటి." ఆ పిడికిలి విప్పకుండానే ఎడమచేతి వేళ్ళ మీద పదులు లెక్కపెట్టుకుంది. ఏడూ నాలుగూ పదకొండు, రెండు కలిపితే పదమూడు, మూడు కలిపితే పదహారు. అప్పుడు పిడికిలి తెరిచి, లోపలున్నదాన్ని ఆ పదహారులో కలిపినట్టు చెయ్యి ముందుకి చాచింది. "పదిహేడు కట్టలు, ఐదు. నూట డెబ్బై ఐదు గేట్లు!"

చేతిలో ఒకటి. ముప్పై ఏళ్ళు నల్లబల్ల దగ్గర రోజూ పలికిన మాట. ఆ చేతిలో ఉన్నదేమిటో ఒక పసిదాని పిడికిట్లో నేను కళ్ళారా చూసింది మాత్రం ఆరోజే.